రాజేశం సార్ ఎడమ చెయ్యి

సాయంత్రాలు జగిత్యాలలో మా ఇంటి ముందుగదిలో కీబోర్డు నేర్పుతాను. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగిని కొత్తగా చేరింది. చేరిన రోజే బటన్ నొక్కి గిటార్ గొంతు పెట్టుకుని, మూడు వేళ్ళతో మూడు స్వరాలు కలిపి ఒక కార్డు ధనామని నొక్కింది. స్టీలు గిన్నె బండల మీద పడ్డట్టు మోగింది. "అచ్చం గిటార్ లాగే ఉంది కదండీ!" అని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆమె తప్పేముంది? కానీ ఆ చప్పుడు వింటే చాలు, నా చెవిలో కోరుట్ల రాజేశం సార్ లేచి కూర్చుంటారు. "గది గిటారా? బంద్ వెట్టు పిల్లా, బంద్ వెట్టు!" ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆ కేకలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి.

రాజేశం సార్ కోరుట్లలో ఒక చిన్న ఆర్కెస్ట్రా నడిపేవారు. మెట్‌పల్లి, మల్యాల, ఎక్కడ పెళ్ళి రిసెప్షన్ ఉంటే అక్కడికి వెళ్ళేవాళ్ళం. గిటార్ ఆయనది, కీబోర్డు నాది. ఇంటర్ అయిపోగానే ఆయన దగ్గర చేరాను. ఆయనతో వేగడం ఎంత కష్టమో చేరిన వారంలోనే అర్థమైంది. కొన్నేళ్ళకు ఒకరోజు ఆయనకు పక్షవాతం వచ్చింది. కొన్ని నెలలకు నడక వచ్చింది, మాట వచ్చింది, కోపమైతే అందరికంటే ముందే వచ్చింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు. గిటార్ తీగలను అదిమిపట్టేది ఆ వేళ్ళే. ఆయన ఎన్నో ఏళ్ళుగా కట్టుకుంటున్న పాట ఒకటి ఉండేది, సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పనిచేసే ఒక తల్లి పాట. దాన్ని సిరిసిల్లలోనే ఒక స్టూడియోలో రికార్డు చేయాలని ఆశ. అది గిటార్‌తో మొదలవుతుంది, ఆ గిటార్ ఆయనదే కావాలి. ఇద్దరు కుర్ర గిటారిస్టులు వచ్చి వాయించి చూపిస్తే ఇద్దరినీ పంపేశారు. "వాళ్ళు వాళ్ళ లెక్క వాయిస్తరు. నాకు నా లెక్క గావాలె" అన్నారు. తర్వాత ఆయన చూపు నా మీద పడింది.

"సార్, ఇది కీబోర్డు" అన్నాను.

"నాకెరుకే. దానికి ఎరుక గావద్దు, గంతే."

ఆ 'గంతే' నా ప్రాణం తీసింది. నేను కార్డు నొక్కగానే ఆయన ఎగిరిపడేవారు. "ఆరు తీగలు ఒక్కపారి మోగుతయా? చెయ్యి పైనుంచి కిందికి పోవద్దా? లావు తీగ ముందుగాల, సన్నది ఆఖరుకు!" సరేనని స్వరాలను రెండు చేతులకూ పంచి, ఒకదాని వెనుక ఒకటి రాలేలా నొక్కడం నేర్చుకున్నాను. "మరి పైకి అచ్చేటప్పుడు? గప్పుడు లావు తీగలు తాకుతయా?" అదీ నేర్చుకున్నాను. స్వరం సాగాలని పెడల్ మీద కాలు పెడితే "కాలు తియ్యి! గిటారుకు కాలుంటదా?" అని అరుపు. కాలు తీశాక కొత్త గోల మొదలైంది, "చెయ్యి జరగలే" అని.

"ఎవరి చెయ్యి సార్?" అని నేనూ అరిచాను.

"వాయించెటాయన చెయ్యి! ఒక కార్డు ఇడిచి ఇంకో కార్డుకు పోవాలంటే వేళ్ళు లేపాలె, జరపాలె. గంతసేపు సప్పుడు ఆగద్దా? నువ్వేమో నీళ్ళు వోసినట్టు వోస్తున్నవ్."

లోపలినుంచి ఆయన భార్య భాగ్యమ్మ కేకేసేది. "ఆ పిల్లను చాయన్న తాగనియ్యరా? పానం తీస్తున్నరు!" చాయ్ వచ్చేది, చల్లారిపోయేది. నేను ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకున్న నా వేళ్ళ వేగమంతా ఆయన ముందు ఎందుకూ పనికిరాలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే కూడా కంచం అంచు మీద వేళ్ళు ఒకదాని వెనుక ఒకటి పడుతుండేవి. అది చూసి మా అమ్మ నాకేదో గాలి సోకిందని భయపడింది.

చివరికి సిరిసిల్ల వెళ్ళాం. మగ్గాల చప్పుడు వినిపించే సందులో ఒక ఇరుకు స్టూడియో. నేను వాయించడం అయిపోగానే రికార్డింగ్ చేసే అతను హెడ్‌ఫోన్ తీసి, "సూపర్ అక్కా! గిటార్ కాదంటే ఎవ్వరు నమ్మరు" అన్నాడు. నా మనసు గాల్లో తేలింది. సార్ కుర్చీలోంచి మెల్లగా లేచారు.

"గిటారే. కాని నాది గాదు. పోదాం పా."

"ఏం తక్కువైంది సార్?"

"తెల్వది."

తెలియదట! అన్ని నెలలు నా చెవుల తుప్పు వదలగొట్టిన మనిషి తీరా అక్కడికి వెళ్ళాక తెలియదంటారా? బస్సెక్కాక ఇక ఆగలేకపోయాను. "మీ చెయ్యి నేనెక్కడికెల్లి తేవాలె సార్? నాతోని గాదు. రేపటిసంది నేను రాను." ఆయన బస్సు కుదుపులకు ఒళ్ళోంచి జారిపోకుండా ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అది చూసి నాకు ఇంకా విసుగొచ్చింది. మనిషి మీద తృప్తిగా కోపం కూడా తెచ్చుకోనివ్వరు కదా అనిపించింది.

కొన్నాళ్ళు వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో పాత వీడియో ఒకటి కనిపించింది. మెట్‌పల్లిలో ఏదో రిసెప్షన్, సార్ గిటార్ వాయిస్తున్నారు. అంత గొప్పతనం ఏముందో చూద్దామని కసిగా విన్నాను. మళ్ళీ విన్నాను. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వెళ్ళేటప్పుడు ఆయన ఉంగరపు వేలు వెనుకబడుతోంది. మిగతా స్వరాలు పలికాక ఆ ఒక్కటి కాస్త ఆలస్యంగా, కింది నుంచి జారుకుంటూ వస్తోంది. ఎప్పుడు ఆ కార్డు వచ్చినా అంతే. అది తప్పు. నేను చేసి ఉంటే నన్ను బతకనిచ్చేవారు కాదు. తన చేతిలో ఆ తప్పు ఉందని ఆయనకే తెలియదు! ముందు పడీపడీ నవ్వాను. దీనికోసమా నెలల తరబడి నా బుర్ర తిన్నారని తర్వాత మండిపడ్డాను.

మర్నాడు పొద్దున్నే కోరుట్ల వెళ్ళాను. సార్ ఎదురుగా కూర్చున్నాను. కీబోర్డు ఆన్ చేసి ఆ పాట మొదలుపెట్టాను. ఆ కార్డు రాగానే ఒక స్వరాన్ని వెనుకకు ఉంచి, కీబోర్డు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి, కింది నుంచి పైకి జార్చాను. కేక కోసం ఎదురుచూశాను. రాలేదు. లోపల ఏదో గిన్నె కిందపడింది. జొన్నపిండి చేతులతో భాగ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. నావైపు చూడనే లేదు.

"చెయ్యి అచ్చిందా? మీ చెయ్యి అచ్చిందా?"

సార్ ఎడమచెయ్యి ఆయన ఒళ్ళో ఎప్పటిలాగే పడి ఉంది. ఆమె దాన్ని చూసింది. తర్వాత నా కీబోర్డును చూసింది. నేనెందుకు వచ్చానా, ఎందుకింత బాగా వాయించానా అని ఏడుపొచ్చింది.

"గీ పిల్ల వాయించింది" అన్నారు సార్.

భాగ్యమ్మ ఆయన కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. పిండి చేతులతోనే ఆ చేతిని అందుకుంది. "మల్లొక్కసారి వాయించు బిడ్డా" అంది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"వాయించుమంటుంటే ఇనవడతలేదా?" అని అరిచారు సార్. ఆయన కళ్ళు ధారగా కారుతున్నాయి.

వాయించాను.

ఆ పాట సిరిసిల్లలో రికార్డయింది. ఒక స్వరం ఆలస్యంగా పడిందని అక్కడి అతను సరిచేయబోతే, ఈసారి నేనే గట్టిగా అరిచాను. అది తప్పని సార్‌కు మాత్రం చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడు నా వాయింపు విన్నవాళ్ళు గిటార్ ఎక్కడుందని వెతుకుతారు. సంతోషమే, కాదనను. కానీ పాట అయిపోగానే నా చూపు దానంతటదే లోపలి గది తలుపు మీదికి పోతుంది. అక్కడినుంచి ఎవరూ పరుగెత్తుకు రారు. అయితే సార్ చెయ్యి నాకింకా రాలేదన్నమాట అనుకుని, తిట్టుకుంటూ మళ్ళీ మొదటినుంచి వాయిస్తాను.