గాలి మిషన్‌లో ఆముదం

మా ఉస్తాద్ నిన్న వనపర్తి దవాఖానలో పోయాడు. కాలిన ఒంటితో ఇరవై రోజులు కొట్టుకున్నాడు. ఆయన్ను చంపింది గోపాల్‌పేట రాతిగుట్ట గుత్తేదారు. గాలి మిషన్‌లో ఆముదం పోయించింది అతడే. పోసిన చెయ్యి నాది. అది దాచి ఆయన మంచి గురించి రాయలేను.

గుట్ట చూడనివాళ్లకు చెబుతున్నాను. మిషన్ గాలిని నొక్కి ట్యాంకులో నింపుతుంది. ఆ గాలి గొట్టంలో వచ్చి, రాయికి తూట్లు పొడిచే బర్మాను ఆడిస్తుంది. ఉస్తాద్ పొద్దున్నే ట్యాంకు అడుగున నల్లా తిప్పి, చేరిన నీళ్లు వదిలేవాడు. తర్వాత బర్మా వదిలే గాలికి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. చెయ్యి పొడిగా ఉంటే పని ఆగేది. నూనె చుక్కలు పడితే, పోసే పని నాది గనక నాకు తిట్లు.

"తలకు రాసిన నూనె లెక్క మెరవాలె బిడ్డా, కారొద్దు."

బర్మాకు మా చేన్ల ఆముదమే పోసేవాళ్లం. గుత్తేదారుకు అక్కడే ఆశ పుట్టింది.

"చిన్నది తాగంగ పెద్దది తాగదా, ఉస్తాద్?"

"బర్మాల గాలి సల్లగుంటది దొరా. మిషన్ల ఉడుకుతది. ఆముదం ఉడికితే జిగురైతది, మాడితే మసైతది. ఆ మసి అంటుకుంటే ట్యాంకు పేలుతది."

"ఏందయ్యా, మిషన్‌కు పత్యం చెప్తున్నవు!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మిషన్‌లో పోసే ఇంజను నూనె అయిపోతే, తేవడానికి ఉస్తాద్ గద్వాల స్టేషన్‌కు వెళ్లాడు. సరుకు రాక వారం ఆగిపోయాడు. గుత్తేదారు నా దగ్గరికొచ్చి, "గన్ని పుస్తకాలు చదువుతవు, నూనె ఏదైనా నూనేనని తెల్వదా?" అన్నాడు. రోషానికి పోయి పోశాను. రోజూ పోశాను.

ఉస్తాద్ నూనె డబ్బా భుజాన పెట్టుకుని గుట్టెక్కుతూనే మాడిన ఆముదం వాసన పట్టాడు. "దూరం పోండ్రా!" అని అరుస్తూ మిషన్ ఆపడానికి తానే ఉరికాడు. చెయ్యి వేసేలోపే పేలింది.

దవాఖానలో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, నేనే పోశానని చెప్పాను.

"తెల్సు బిడ్డా. మల్ల పొయ్యకు. ఎవ్వర్నీ పొయ్యనియ్యకు."

ఇంట్లో అమ్మ దీపంలో ఆముదం పోస్తే బయటికి లేచిపోతున్నాను. ఆ అరుపు వినిపిస్తుంది.

కొత్త మిషన్ దిగింది. పక్కన మళ్లీ ఆముదం డబ్బాలు. గుత్తేదారు సోమవారం నడుపుతాడట. ఇంజను నూనె పోసేదాకా నడవనివ్వొద్దు. సోమవారం పొద్దున ఆరు గంటలకు రండి. పేలిన ట్యాంకు మూత గుట్ట కింది చేనులో పడి ఉంది. దాన్ని ముట్టడానికి మనసొప్పక, రైతు నాగలిని చుట్టూ తిప్పి దున్నుకున్నాడు. ఆ దున్నని చోట నిలబడదాం.