ఆరు కాళ్ళ జరీ తాబేలు

మొన్న మా మనవరాలు శ్రీకాకుళంలో మగ్గం వర్కు చేయించుకున్న జాకెట్టు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. చేతుల మీద బంగారు పురుగులు, లోపల దూది పెట్టి ఉబ్బెత్తుగా కుట్టినవి, నిజం పురుగుల్లాగే ఉన్నాయి. బాగున్నాయన్నాను గాని, వాటిని తడుముతుంటే మనసు ఎటో పోయింది. ఇన్నేళ్ళయినా ఒక సంగతి నాకు తేలలేదు.

మా మేనత్త జరీ పనిలో దిట్ట. మీలో నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వానలు పడగానే తుమ్మచెట్ల మీద పచ్చగా మెరిసే బంగారు పురుగులు పట్టి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. అత్త ఆ పురుగును ఎదురుగా పెట్టుకుని చూస్తూ కుట్టేది. ముందు దూదిని గుడ్డ మీద బుడిపెలా లేపి, పైన జరీ పోగు పరిచి, సన్నటి పట్టుదారంతో అణచి కుట్టాలి. బడి నాకు నాలుగో తరగతితో ఆగిపోయినా, ఈ పని మాత్రం ఆవిడ దగ్గర బాగా పట్టుబడింది. అయితే నేను కుట్టినవన్నీ పురుగులే.

ఇంతలో అత్తకు చూపు మసకబారింది. కళ్ళు బాగుపడాలని, శ్రీకూర్మం స్వామికి జరీ తాబేలు కుట్టిన పట్టుగుడ్డ మొక్కుకుంది. తీరా కూర్చుంటే సూది బెజ్జమే కనబడక ఆ పని నాకు అప్పగించింది. డిప్ప లేపాను, తల లేపాను, ఆ తర్వాత అలవాటైన చెయ్యి కదా, పక్కకు మూడేసి కాళ్ళు కుట్టుకుంటూ పోయింది.

బయల్దేరే పొద్దున అత్త గుడ్డను వేళ్ళతో తడిమి చూసింది.

“ఒసే గుంటా, ఇదేటే? తాబేలుకి ఆరు కాళ్ళేటే?”

నాకు ఏడుపొచ్చేసింది. విప్పితే జరీ చిట్లిపోతుంది, బస్సుకు వేళయింది. మావయ్య గుమ్మంలోంచి, “రెండు కాళ్ళెక్కువుంటే జోరుగా నడుస్తాది. బస్సు తప్పినా అదే మనల్ని తీసుకెల్తాది, నడండెహె,” అన్నాడు.

అత్త నవ్వలేదు. మొక్కు చెడిపోయిందేమోనని దారంతా ఆ గుడ్డను పైట కింద దాచుకుంది. గుళ్ళో పూజారిగారు మడత విప్పకుండానే స్వామి పాదాల దగ్గర పెట్టారు. స్వామి దాన్ని తాబేలనుకున్నాడో, పురుగనుకున్నాడో.

బయటికి రాగానే అత్త నా గడ్డం పట్టుకుని, “ఏడవకే, నీ ముక్కుపుడక కూడా అగుపడతన్నాది నాకు,” అంది. పుడక ఉన్నమాట నిజమే. కానీ అది ఏడాదిగా ఉన్నదే, చూడకుండా కూడా చెప్పొచ్చు. ఆ తర్వాత అత్త సూది పట్టలేదు. నేను వీధి మొదట్లో ఉండగానే పేరు పెట్టి పిలిచేది, చూసి పిలిచేదో, అడుగుల చప్పుడు విని పిలిచేదో.

ఇప్పుడు కంటిపొర తీయడం ఒక పూట పని. నాకూ పోయినేడు తీశారు, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కట్టు విప్పాక డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగితే ఠకీమని చెప్పేశాను. మా అత్తను అలా అడిగినవాళ్ళు లేరు. ఆ ఆరు కాళ్ళూ కుట్టినదాన్ని, నేనే అడగాల్సింది, ఏం చెబుతుందోనని భయపడి అడగలేదు.