ఉప్పుమళ్లకు షాపు వేళలు

కెమెరాలు బిగించడం నా పనే గానీ, నౌపడ పక్క ఉప్పుమళ్లలో బిగించింది నేను కాదు. గొడవ ముదిరాక మా మేనత్త ఫోన్ చేసింది.

"ఒరే, మా జట్టునంతా మానిపించీసినాడ్రా షావుకారు. కూకుని కూలి తింటన్నామంట. కెమెరాలో సూసినాడంట!"

నాకు ఒళ్లు మండింది. ఊహ తెలిసినప్పటినుంచీ అత్త ఉప్పు గోకడం చూస్తున్నాను. వెలుగు రాకముందే మడిలో దిగుతారు. ఎండెక్కితే ఉప్పునీళ్లు కాళ్ల పగుళ్లలో మండుతాయి, తెల్లటి ఉప్పు మీద వెలుగు కళ్లలో పొడుస్తుంది. అందుకే ఎండ ముదిరేలోగా, ఎనిమిదిన్నరకల్లా ఉప్పు గట్టుకు చేర్చి పాకలో నడుం వాలుస్తారు. అయిదు దాటి చల్లబడ్డాక మళ్లీ దిగుతారు.

వెంటనే అక్కడికి వెళ్లాను. షావుకారు గుమస్తా మంచివాడే, రికార్డరు గది తాళం తీశాడు. పాస్‌వర్డు పెట్టె మీదే అంటించి ఉంది! తెర మీద ఉప్పుమడి, గట్టున పాక, తెర మూల 'బిల్లింగ్ కౌంటర్' అన్న పేరు. ఎక్కడో బట్టల షాపుకి చేసిన సెట్టింగులను పేరైనా మార్చకుండా ఇక్కడ దించేశాడు కెమెరాలు బిగించిన మహానుభావుడు. రికార్డింగు వేళలు తెరిచి చూశాను. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు. అంతే. వీళ్ల చాకిరీ ఒక్క పొద్దయినా రికార్డు కాలేదు. పడుకోవడం మాత్రం రోజూ రికార్డయింది.

నాకు కాలేజీ చదువు లేదు. శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిన నెట్‌వర్కుల పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఏ చోటైనా ఏ పని ఎప్పుడు జరుగుతుందో అడిగాకే కెమెరా పెట్టాలని అందులో మొదట్లోనే ఉంది. అడగడానికి ఆ బిగించినవాడికి నోరు పడిపోయిందా?

ఇరవై నాలుగు గంటలూ రికార్డయ్యేలా మార్చాను. మర్నాడు గుమస్తా ధైర్యం చేసి జట్టును దింపాడు. ఆ తెల్లవారుజాము వీడియోను విశాఖలో ఉన్న షావుకారుకి పంపాం. ఫోన్ వచ్చింది. గుమస్తా స్పీకర్లో పెట్టాడు.

"బాగానే చేస్తున్నారుగా! అయితే పగలు కూడా చేయగలరు. ఆ పాక పీకించెయ్యి."

అత్త కెమెరా స్తంభం కేసి చూసింది. "దీనికి సెవులున్నాయేట్రా?"

రికార్డరు గదిలోకి వెళ్లి కెమెరా మైకు ఆన్ చేసి వచ్చాను. "ఇప్పుడున్నాయత్తా."

అత్త కెమెరాకేసి తలెత్తింది. "షావుకారు బాబూ, ఓపాలి మిట్టమద్దేన్నం నువ్వు ఈ మడిలో దిగు. నీ కాళ్లు సూసినాక పాక పీకుదుం."

"ఆ బాబు కాళ్లకి బూట్లుంటాయే వదినా," అంది జట్టులో ఒకామె. అందరూ నవ్వారు. ఉప్పు గోకే పలకలు గట్టు మీద పడేసి వెళ్లిపోయారు.

మూడో నాడు సముద్రం మీద మబ్బు పట్టింది. మళ్లలో ఉప్పు పండి ఉంది, గోకే చెయ్యి లేదు. వాన పడితే అంతా నీళ్లే. షావుకారు ఫోన్ మీద ఫోన్. పాక ఉండనీ, పడుకోనీ, ముందు ఉప్పు ఎత్తమను అని.

జట్టు దిగింది. నేనూ వెళ్లాను. షావుకారు మారాడండీ అని గుమస్తా మురిసిపోతుంటే నాకు మళ్లీ మండింది.

"మారలేదు, భయపడ్డాడు. మబ్బు రాకపోతే మీ గతేటత్తా?" అన్నాను.

"వచ్చింది కదరా. నీ కోపం తరవాత సూసుకుందువు గానీ, ఆ తాటాకులందుకో. ఉప్పుగుట్ట కప్పాల."

అందుకున్నాను. చినుకులు మొదలయ్యేసరికి గుట్ట కప్పేశాం. కోపం మాత్రం చల్లారలేదు.