చప్పుడు లేని పెట్టె

కంప్యూటర్ల దుకాణంలో ఏ సర్వర్ పెట్టె చూపించినా అతను ముందు చెవి ఆనించి వింటాడు. ఫ్యాను ఉంటే వద్దంటాడు. రాత్రింబవళ్లు నడిచినా కరెంటు పెద్దగా తాగకూడదంటాడు.

“ఇంతకీ అందులో ఏం దాస్తారు సార్?” దుకాణదారు ఒకరోజు విసుక్కున్నాడు.

“మా నాన్న శిష్యులకు చెప్పిన సంగీత పాఠాలండీ. ఆయన గదిలోనే పెట్టాలి. చిన్న చప్పుడైనా నిద్రపోరు.”

పక్షవాతం వచ్చి ఆ తండ్రికి మాట పడిపోయింది.

చివరికి అరచేతిలో ఇమిడే పెట్టె దొరికింది. పాత క్యాసెట్లలోని పాఠాలన్నీ అందులోకి ఎక్కించి, ఒక పాఠం వినిపించాడు. అందులో ఎవరో శిష్యుడు శ్రుతి తప్పాడు. సరిదిద్దబోయి ముసలాయన నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

“ఆపేయనా నాన్నా?”

ఆయన తల అడ్డంగా ఊపారు.

“పోనీ, ఉండనివ్వనా?”

దానికీ అడ్డంగానే ఊపారు. అతను మీట మీద వేలుంచి, పాఠం అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.