మత్తు సార్ నెత్తిన వేసుకున్న తప్పు

మా మత్తు డాక్టరు సార్ చనిపోయారని మార్కాపురం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆపరేషన్ థియేటర్లో కత్తెరలు సర్దుతున్నాను. సరేనని పెట్టేసి, మిగిలినవి కూడా సర్దాను. పొద్దున గుండెనొప్పి వచ్చిందట, ఆస్పత్రికి చేరేలోపే పోయారట. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

గిద్దలూరులో మాది చిన్న ఆస్పత్రి. ఇరవై ఏళ్లుగా నేను అక్కడ థియేటర్ నర్సుని. ఆపరేషన్ ఉన్న రోజు సార్ మార్కాపురం నుంచి రైల్లో వచ్చేవారు. చేతిలో వెడల్పు మూతి ఫ్లాస్కు, అందులో ఐసుముక్కల మధ్య ఇంజెక్షన్ సీసాలు. ఏముంది సార్ అందులో అని బోగీలో ఎవరైనా అడిగితే, మా ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం అనేవారు. కోసిన డాక్టరుకు దండం పెట్టి వెళ్లే పేషెంట్లకు ఈయన మొహం కూడా తెలిసేది కాదు. గుర్తున్నానంటే నా పని చెడినట్టే కదా అని నవ్వేవారు.

కండరాలను వదులు చేసే మందు సంగతి నాకు ఆయనే చెప్పారు. కదలమని నరం కబురు పంపుతుంది. ఆ కబురు అందాల్సిన చోట, కండరం మీద, ఈ మందు ముందే పోయి కూర్చుంటుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత కాళ్లూ చేతులూ, ఆఖరికి ఊపిరి. అక్కడినుంచి ఊపిరి మనమే అందించాలి. "కానీ ఇది నిద్రపుచ్చదమ్మా. నొప్పీ తియ్యదు. వాటికి వేరే మందులు. అవి తక్కువైతే మనిషి లోపల మేలుకునే ఉంటాడు, చెప్పుకోలేడు" అనేవారు. అందుకే బల్ల మీది మనిషి ముందర ఎవరైనా నోటికొచ్చింది వాగితే ఆయనకు ఒళ్లు మండేది. ఆపరేషన్ అయ్యాక విరుగుడు ఇచ్చి, తల ఎత్తమని చెప్పి, అయిదు దాకా తనే మెల్లగా లెక్కపెట్టేవారు. దించకుండా ఉంచితేనే గొంతులోంచి ఊపిరి గొట్టం తీసేవారు.

ఒకరోజు వరసగా మూడు ఆపరేషన్లు. రెండోది రాచర్ల దగ్గర పల్లెలో గొర్రెలు మేపుకునే ఒకామెకు, పిత్తాశయంలో రాళ్లు. నిద్రలో ఉంచే మందును ఊపిరి అందించే మిషన్లో నింపడం నా పని. మరిచిపోయాను. కోత పెట్టిన కాసేపటికి ఆమె నాడి పరుగెత్తింది. సార్ రెప్ప ఎత్తి చూస్తే కంట్లో నీళ్లు. మిషన్లో చూస్తే మందు లేదు. నేను నింపలేదు సార్, నాదే తప్పు అని ఏడుపు మొదలుపెట్టాను. ఆయన కోత ఆపించి, నరంలోకి నిద్రమందు ఎక్కించారు.

తెలివొచ్చాక, కత్తి తెలిసిందని ఆమె చెప్పింది. మత్తులో అలాంటి కలలు వస్తాయని వార్డులో అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఇంటికి పోయాక ఆమె పడుకోవడమే మానేసిందని, గోడకు ఆనుకుని కూర్చునే ఉంటోందని, మతి చెడిందని ఊళ్లో అనుకుంటున్నారని ఆమె భర్త వచ్చి చెప్పాడు. ఆ ఆదివారం సార్ నన్ను వెంటబెట్టుకుని ఆటోలో వాళ్ల ఊరు వెళ్లారు. పదిమంది వింటుండగా, "అది కల కాదమ్మా. నువ్వు మేలుకునే ఉన్నావు. మందు ఉందో లేదో నేను చూసుకోలేదు. తప్పు నాది" అన్నారు.

నేను నోరు తెరవలేదు. ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది, మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను క్షమించమంటే, చూసుకోవాల్సింది నేనే కదమ్మా, అబద్ధమేం చెప్పలేదు అన్నారు సార్. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె పడుకుంటోందని తర్వాత కబురొచ్చింది. నా ఉద్యోగం నిలిచింది. సిగ్గు కూడా నాతోనే ఉండిపోయింది.

మొన్న ఆఖరిచూపుకు వెళితే సార్ ఇంటి ముందు ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. నా తప్పు ఆయన మీదే ఉండి, ఆయనతో పాటే కాలిపోతుందని భయమేసింది. పక్కకు పిలిచి, ఆ రోజు మందు నింపాల్సింది నేనని చెప్పాను.

"తెలుసు సిస్టరమ్మా" అంది. "నువ్వు ఏడ్చుకుంటా చెప్తా ఉంటే నాకు వినపడతానే ఉండింది. రెప్ప లేవలేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. సారు మా ఊరికొచ్చి తప్పు నాదన్నాడు. ఏంది, ఇట్ల చెప్తున్నాడు అనుకున్నా. నీ దిక్కు చూస్తే వణుకుతా ఉన్నావు. ఆయనే నిన్ను కాసుకుంటా ఉంటే నేనేమంటా?"

పాడె లేచింది. ఆడవాళ్లం గేటు దగ్గరే ఆగిపోయాం. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉందని కిందికి చూస్తే తెలిసింది. చేతికి మాత్రం తెలియలేదు.