తొమ్మిదో గుమ్మం

కొత్తపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక ఇంజనీరుగారి దగ్గర నేను అయిదారేళ్లు పనిచేశాను. ఆయన ట్రేసింగు కాగితం మీద పెన్సిలుతో గీసిన తరం మనిషి. నేను అమలాపురంలో ఆర్నెల్లు కంప్యూటర్ డ్రాయింగు నేర్చుకుని, ఇక నాకు తెలియనిది లేదనుకునే మనిషిని. నాకు కోపం ఎక్కువ, తొందర అంతకన్నా ఎక్కువ. ఆయన "నిదానం అమ్మాయ్" అన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ రోజుల్లోనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో డైనమిక్ బ్లాక్ అనేది కొత్తగా వచ్చింది. తలుపు బొమ్మ ఒకసారి గీసి దాచుకుంటే, కావలసిన చోటల్లా పెట్టుకోవచ్చు. అది మామూలు బ్లాకు. ఈ కొత్తదానిలో ఒకే బొమ్మకు నాలుగైదు రూపాలు ఇవ్వొచ్చు. నా బ్లాకు మీద నొక్కితే ఒంటి రెక్క, జంట రెక్కలు, ఖాళీ దారి అని మూడు పేర్లు వచ్చేవి. ఏది ఎంచుకుంటే అది కనబడేది, మిగతావి దాక్కునేవి. తలుపు పక్కన నంబరు, కొలత, కర్ర పేరు రాసి ఉండేవి. ఏ రూపంలో ఏ రాత కనబడాలో, ఏది దాగాలో కూడా మనమే చెప్పాలి. నాలుగు రోజులు తిండి సరిగా తినకుండా దాన్ని తయారుచేశాను. ఇంజనీరుగారికి చూపిస్తే, "బానే ఉంది, పగటి వేషగాడిలా ఉంది" అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియలేదు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

దాన్ని మొదట వాడింది వాడపల్లి వైపు కడుతున్న ఒక ఇంటికి. ఇంటాయన మస్కట్‌లో ఉండేవారు. ప్లాను మాట్లాడటానికి ఆయన భార్య వచ్చేవారు, పక్కనే అత్తగారు. అత్తగారున్నంతసేపూ ఆవిడ నోరు విప్పేవారు కాదు. ఒకరోజు మాత్రం ఒక్కరే వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి గొంతు తగ్గించి చెప్పారు.

"వంటింటికి తలుపు వద్దండి. గుమ్మం కూడా వద్దండి, ఖాళీగా వదిలేయండి. ఇప్పుడున్న ఇంట్లో ఎవరొచ్చినా ఆ తలుపు దగ్గరకేసేస్తారండి. హాల్లో అందరూ నవ్వుకుంటారండి. ఎందుకు నవ్వేరో నాకు తెలీదండి. పదేళ్ల నుంచీ ఇంతేనండి."

"అలాగేనండి" అని ఆవిడ ముందే వంటింటి దగ్గర బ్లాకు నొక్కి ఖాళీ దారి ఎంచుకున్నాను. తలుపు మాయమైంది, నంబరూ మాయమైంది. ఆవిడ తెర మీద వేలుపెట్టి చూసి నవ్వారు.

మా వైపు అప్పట్లో ప్లాను తాపీమేస్త్రి చూసేవారు, వడ్రంగి చూసేవారు కాదు. వడ్రంగికి గుమ్మాల లిస్టు చాలు. నేను గొప్పగా కంప్యూటర్ చేతే ఆ లిస్టు తీయించాను. ఇక్కడే పప్పులో కాలేశాను. కనబడకుండా దాచినంత మాత్రాన అది లేనట్టు కాదు. లిస్టు తీసేటప్పుడు కంప్యూటర్ దాక్కున్న రాతల్ని కూడా ఏరుకొస్తుంది. ప్లానులో ఎనిమిది గుమ్మాలు, లిస్టులో తొమ్మిది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక నాకెక్కడిది?

వడ్రంగి తొమ్మిది గుమ్మాలూ చేసి తెచ్చేశాక, ఒకటి ఎక్కువైందని కబురొచ్చింది. ఇంజనీరుగారి స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాను. దారిలో ఆయన, "కంప్యూటర్ తప్పని చెప్పేద్దాం అమ్మాయ్. దానికేం పౌరుషం లేదు కదా" అన్నారు.

అక్కడ అత్తగారు తొమ్మిదో గుమ్మాన్ని వంటింటి గోడకు ఆనించి నిలబెట్టించారు. "వంటిల్లన్నాక గుమ్మం ఉండొద్దటండీ? దేవుడే చేయించేడు. పెట్టేయండి."

కోడలు తలతిప్పి నా వైపు చూశారు, అంతే. ఆ చూపుకి నా పొగరంతా దిగిపోయింది.

"కంప్యూటర్ది కాదండి, తప్పు నాదండి" అన్నాను. "వంటింటికి గుమ్మం వద్దని మీ కోడలుగారు ముందే చెప్పేరండి. నేను దాచేనండి, తీసెయ్యలేదండి. లిస్టు చూసుకోలేదండి."

ఇంజనీరుగారు ఆకాశంలోకి చూస్తున్నారు. అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసి, "నాతో చెప్పలేదేం?" అన్నారు. తర్వాత నాతో, "సరే, అయిపోయింది. చేసింది పారేస్తామా? పెట్టేయండి" అన్నారు.

అప్పుడు వడ్రంగి నెత్తి గోక్కున్నారు. "పెట్టేస్తానండి. కాకపోతే తొమ్మిదవుతాయండి."

గుమ్మాలు సరిసంఖ్యలో ఉండాలని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అత్తగారు తడుముకోకుండా, "అయితే ఇంకోటి చెయ్యి" అన్నారు.

"అప్పుడు పదవుతాయండి. పక్కన సున్నా వస్తదండి."

సున్నా వచ్చే లెక్క అసలే పనికిరాదు. అత్తగారు వేళ్లు మడిచి పన్నెండు దాకా వెళ్లారు.

"పన్నెండుకి గోడలు చాలవండి" అన్నారు వడ్రంగి, ఎంతో మర్యాదగా.

ఇంజనీరుగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు మడిచిన వేళ్లు విప్పేసి, "సరే, తీసుకుపో" అన్నారు. ఆ గుమ్మం వడ్రంగి మరో ఇంటికి సర్దేసుకున్నారు. ఆ వారమే నేను నా బ్లాకు విప్పి ఖాళీ దారిని దాన్నుంచి తీసేసి, వేరే బొమ్మగా గీశాను. అప్పటినుంచి ఏ లిస్టునైనా వేలుపెట్టి చదవందే బయటికి పంపలేదు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ఆడపడుచు పొయ్యి మీద పాలు పెట్టింది. వంటింటినిండా ఆడవాళ్లే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆ తోపులాటలోకి రాలేక హాల్లో కుర్చీలో కూర్చున్నారు. కోడలు అది చూసి, ఖాళీ దారికి అడ్డంగా నిలబడ్డవాళ్లను పక్కకు జరిపారు. "కాస్త తప్పుకోండమ్మా, అత్తయ్యగారికి కనబడాలి."

పాలు పైకొచ్చాయి. మేమంతా పొయ్యి మీదికి వంగి చూస్తుంటే, వెనక హాల్లోంచి అత్తగారి గొంతే ముందు వినిపించింది.

"పొంగేయి. తూర్పుకే పొంగేయి, నేను చూసేను."

కోడలు వెనక్కి తిరిగారు. అత్తగారు కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, ముందుకు వంగి, వంటింట్లోకే చూస్తున్నారు.

"ఈ కుర్చీ ఇక్కడే ఉంచు అమ్మాయ్. ఎక్కడికీ జరపకు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ" అన్నారు కోడలు, వంటింట్లోంచే.