నా ఉరవకొండ కిడ్నీలు

ఉరవకొండ చుట్టుపక్కల నా కిడ్నీలను మించిన కిడ్నీలు లేవు! నిన్న మధ్యాహ్నం దాకా ఇదే నా నమ్మకం. ఆ తర్వాత ఏమైందో వినండి. నవ్వినోడు టీ తాపియ్యల్ల.

మొన్న మా అక్క మొగుడు సుంకన్న బావతో గొర్రెల వెంట పోయినాను. నీళ్ల బాటిల్ ఇస్తే వద్దన్నాను. జువాలజీ చదివినోణ్ణి కదా!

"కిడ్నీలో హెన్లీ శిక్యమని హెయిర్‌పిన్ మాదిరి గొట్టం ఉంటాది బావా. దాని పుణ్యాన లోపల ఉప్పు పేరుకోనుంటాది. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు ఆర్డరేస్తాది. ఇంగ ఆ ఉప్పు, ఉచ్చలో పోయే నీళ్లను వెనక్కి లాగేస్తాది. నీ గొర్రెలకూ అదే మిషన్, నాకూ అదే మిషన్!"

"గొర్రెకూ నీకూ తేడా లేదంటావు. నేనెప్పుడో అనుకుంటిలేప్పా!"

నాకు పౌరుషమొచ్చింది. పొద్దు గూకేదాకా చుక్క నీళ్లు ముట్టలేదు. ఇంటికొచ్చి అట్లే పడి నిద్రపోయినాను.

నిన్న సోలార్ ప్లాంట్ ఉద్యోగానికి మెడికల్ టెస్ట్. అదే ఆఖరి రోజు. బావే బండి మీద తీసకపోయినాడు. ల్యాబ్ ఆయన నా ఉచ్చ శాంపిల్‌ను వెలుతురుకు ఎత్తి చూసినాడు.

"ఏమప్పా, టీ డికాషన్ తెచ్చినావా? నీళ్లు తాగి రా పో!"

ఈ ఉద్యోగం వదిలేదే లేదు! బస్టాండులో నీళ్లు, మజ్జిగ, మళ్లీ నీళ్లు. కడుపు తోలుతిత్తి అయ్యేదాకా తాగినాను. లోపల మెదడు ఆర్డర్ రద్దయింది. రెండో శాంపిల్ తళతళా మెరిసిపోతాండాది!

"నీళ్లు కలిపినావా?"

"కుళాయి రాక ఎన్ని దినాలాయె! కలిపేదానికి నీళ్లు యాడుండాయి సార్?"

"అదంతా నాకు తెల్దు. ఈసారి నా కండ్ల ముందరే కానీ. లేకుంటే ఫెయిలే."

బాత్రూం తలుపు బార్లా తెరిచి నిలబడినాడు. కడుపు పగిలేటట్టు ఉండాది, సిగ్గుకు చుక్క రాదే! "సార్, ఆ కుళాయి తిప్పితే శబ్దానికైనా..." అన్నాను, కుళాయి రాదని నేనే అన్నది మర్చిపోయి. పాపం, తిప్పినాడు. బుస్సుమని గాలి వచ్చింది.

అప్పుడు వెనక నుంచి బావ ఈల ఎత్తుకున్నాడు. తొట్టి కాడ గొర్రెలతో నీళ్లు తాగించేటప్పుడు వేసే సన్నని ఈల. గొర్రెలైతే తాగుతాయి. నేను... వదిలేసినాను!

పాసైనాను, ఉద్యోగం ఖాయం. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పొద్దండి. ఈ పొద్దున దొడ్డి కాడ బావ మళ్లీ ఈల వేసినాడు. గొర్రెలన్నీ తొట్టి వైపు పరిగెత్తినాయి.

నేను కంపచెట్ల వైపు.